తెల్లమట్టి పూసుకున్న చెట్లు

ఆ రెండు వేసవులూ మా మామిడితోటలో ఒక వరస చెట్లు తెల్లగా ఉండేవి. ఆగిరిపల్లి రోడ్డు మీద బళ్లపై వెళ్లేవాళ్లు ఆగి చూసి పోయేవారు. మధ్యాహ్నం వాటి కింద నిలబడితే ఎండ పలచబడి, విరిగిన పాలమీది తేటలా ఆకుల్లోంచి దిగేది. నేను ఏ ఊళ్లో ఉన్నానో మరిచిపోయేదాన్ని.

అంతకుముందు తోట మొత్తం తీసేయాలనుకున్నారు మా ఆయన. చలి సరిగ్గా పడక పూత ఆలస్యమయ్యేది. పిందె నిలిచేలోపే ఎండలు ముదిరి, వేడిగాలికి రాలిపోయేది. చుట్టుపక్కల చాలామంది పామాయిల్‌కు మారిపోయారు. మా ఆయన కూడా జేసీబీకి కబురు పెట్టారు.

ఆ వారమే హార్టికల్చర్ ఆఫీసరు గారు యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధకురాలిని వెంటబెట్టుకుని వచ్చారు. పెరుగుతున్న ఎండలకు మామిడి ఎలా తట్టుకోగలదో తెలుసుకునే పని ప్రభుత్వమూ యూనివర్సిటీ కలిసి మొదలుపెట్టాయట. ఎండ వేడి సోకకుండా ఆకుల మీదా కాయల మీదా మెత్తటి తెల్లమట్టి నీళ్లలో కలిపి చల్లుతారు. మట్టి, ట్రాక్టర్ స్ప్రేయరు ఉద్యానశాఖవి. కొలతలు ఆవిడవి.

"రెండు వేసవులు ఒక్క వరస మాకివ్వండి సార్," అందావిడ.

"అప్పటిదాకా తోట ఉంచాలిగా? నాకు కుదరదమ్మా," అన్నారు మా ఆయన.

"ఇద్దామండీ," అన్నాను నేను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. తోట విషయాల్లో నేనెప్పుడూ మాట్లాడింది లేదు.

ఆయన నావైపు తిరిగారు. "సరే, జేసీబీ అతనికి నువ్వే ఫోన్ చేసి చెప్పు," అని లోపలికి వెళ్లిపోయారు. చేశాను.

ఆవిడ చెట్ల మొదళ్లకు సన్నటి సూదుల్లాంటివి గుచ్చింది. చెట్టు పైకి లాగే నీళ్ల ఆనవాలు ఆమె ఫోన్లో గీతగా కనిపించేది. ఒకరోజు నన్ను పిలిచి చూపించింది.

"చూడండి ఆంటీ, ఎండ ఎక్కేసరికి మట్టి చల్లని ఈ పచ్చచెట్టు నీళ్లు లాగడం దాదాపు ఆపేసింది."

"నిద్రపోతుందా?"

"అలాగే అనుకోండి. తెల్లచెట్టు ఇంకా మేలుకునే ఉంది."

ఆ తర్వాత మధ్యాహ్నాలు వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటే, అంత తోటా ఊపిరి బిగపట్టి కునుకు తీస్తున్నట్టు అనిపించేది. గిన్నెలు చప్పుడు కాకుండా సర్దుకునేదాన్ని.

మొదటి వేసవి అకాలవర్షానికి మట్టంతా కొట్టుకుపోయింది. ఏమీ తేలలేదు. వరస ఇద్దామన్నది నేనే కదా అని నాకే ఎక్కువ బాధనిపించింది. రెండో వేసవిలో పడమటి వేడిగాలి విడవకుండా వీచింది. పచ్చవరసల కింద కాయలు పరుచుకున్నాయి, చాలావాటికి ఒకవైపు కమిలి నల్లబడింది. తెల్లవరసలోనూ రాలాయి, కానీ కొమ్మలకు ఇంకా బాగానే మిగిలాయి. మా ఆయన ఆ వరసలోకి వెళ్లి ఒక కాయని అరచేతిలో పట్టుకుని నిలబడ్డారు.

"మరీ కాలట్లేదే," అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తానే.

కోతకు వచ్చిన వ్యాపారి ఆ వరస మాత్రం వద్దన్నాడు. "సున్నం కొట్టిన కాయ ఎవరు కొంటారండి?"

దాంతో మేమే కోసి, ఇంటి ముందు తొట్లలో కడిగాం. నేనూ, మా ఆయనా, ఆ పరిశోధకురాలూ. నీళ్లు తెల్లబడేవి, అందులోంచి మచ్చలేని కాయలు పైకొచ్చేవి. తడిచేతులతో మా ఆయన ఒక పండు కోసి ముందు ఆవిడకిచ్చారు, తర్వాత నాకు. మర్నాడు ఆ వ్యాపారే వచ్చి, కడిగిన కాయలు చూసి తీసుకెళ్లాడు.

తోట మొత్తం నిలిచిందని చెప్పలేను. రోడ్డు వైపు సగం తీసి పామాయిల్ వేశాం. చెట్లు తీసిన రోజు నేను హనుమాన్ జంక్షన్లో మా చెల్లెలింటికి వెళ్లిపోయాను. మిగతా సగం ఉంది. ఈ ఏడు ఆఫీసరు గారు ఇంకో రెండు వరసలు అడిగితే మా ఆయన వెంటనే ఒప్పుకుని, స్ప్రేయరు పైపు తనే అందుకున్నారు. సాయంత్రానికి మీసాలు, కనుబొమలు తెల్లగా అయి గుమ్మంలో నిలబడ్డారు.

"నవ్వింది చాలు, మంచినీళ్లివ్వు," అన్నారు.