సీతాఫలాల లోయలో ఈల

బజారులో పండిన సీతాఫలాల వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మాది మర్రిగూడ. వానలు వెనకపట్టే రోజుల్లో అమ్మ నన్ను వెంటబెట్టుకుని అమ్రాబాద్ గుట్టల్లోని పుట్టింటికి పోయేది. మా మెట్టచేలలో దుమ్ము తప్ప ఎరుగని నాకు అక్కడి పచ్చి ఆకుల వాసన, నాచు పట్టిన బండలు, గడ్డిలో మాగేసిన పండ్లు, అవ్వ నిప్పులమీద కాల్చి ఇచ్చే మక్కకంకులు, అన్నీ పండుగలాగే ఉండేవి. ఒక ఏడు మాత్రం ఊరంతా ఒకటే భయం. పిల్లల్ని ఎత్తుకుపోయే దొంగలు అడవిలో తిరుగుతున్నారట, ఈలలతో ఒకరినొకరు పిలుచుకుంటారట.

ఓ పొద్దున అవ్వతో కలిసి సీతాఫలాలకు లోయలోకి దిగాను. గంప నిండుతుండగా కింద వాగు దిక్కునుంచి ఎవరో తీరిగ్గా ఈల వేశారు. అవ్వ అదిరిపడి నా చెయ్యి పట్టుకుని పైకి లాగబోయి, తడిబండ మీద జారి పడింది. కాలు విరిగి లేవలేకపోయింది.

“ఉరుకు బిడ్డా, మీ మామను తోల్కరా.”

మామ చేను వాగుకు అవతల ఉంది.

“ఈలేసెటోళ్లు ఆడనే ఉన్నరవ్వా. నాకు భయమైతాంది.”

“నాకూ అయితాంది. గందుకే జల్ది పో.”

చెట్టూ చెట్టూ పట్టుకుంటూ దిగాను. ఈల ఆగితే వాళ్లు నన్ను చూశారనుకున్నాను. మొదలైతే దగ్గరికి వస్తున్నారనుకున్నాను. నోరు ఎండిపోయి ఏడుపు కూడా రాలేదు. పొద వెనక నక్కి చూస్తే మనిషి జాడ లేదు. నీళ్ల మధ్య బండమీద గోరింక కన్నా పెద్ద పిట్ట ఒకటి, ఒళ్లంతా నల్లగా, ఎండ తగిలినచోట భుజాలు నీలంగా మెరుస్తూ గెంతుతోంది. నీటి అంచున పురుగును పొడిచి మింగి, తోక విప్పి, గొంతు ఉబ్బించింది. ఆ ఈల అందులోంచే వచ్చింది! అప్పుడొచ్చింది ఏడుపు. మామ చేనుదాకా ఏడుస్తూనే ఉరికాను.

తిరిగి వస్తుంటే మళ్లీ ఈల. మామ గొడ్డలి పైకెత్తాడు. “మామా, గది పిట్టనే!” అంటూ అతని చెయ్యి పట్టుకుని బండ చూపించాను. అది మరోసారి ఈల వేసేదాకా నమ్మలేదు.

“ఓర్నీ! ఇన్నొద్దులు గిదేనా మమ్ముల భయపెట్టింది?”

అవ్వను మామ వీపున మోసుకొచ్చాడు. కట్టు కట్టించినా ఆ కాలు సరిగా అతకలేదు. పోయేదాకా కర్ర సాయంతోనే నడిచింది. లోయలోంచి ఈల వినబడితే, పిట్టేనని తెలిసీ, నన్ను దగ్గరికి లాక్కునేది.

పోయిన వానకాలం అక్కడికి వెళ్లాను. లోయ అంచున తారురోడ్డు, వాగులో ఇసుక. మామ కొడుకును ఆ పిట్ట సంగతి అడిగాను.

“నేనైతే ఎన్నడు ఇన్లే వదినె. ఎట్ల కూస్తుండె?”

పెదాలు చుట్టి ఊదాను. గాలి తప్ప ఏమీ రాలేదు.