ముప్పై మందికి గాజులు

బెంగళూరు అనగానే నాకు గుర్తొచ్చేది యలహంక బస్సులో నా పక్కన కూర్చున్న లక్ష్మమ్మ. తెనాలి నుంచి టీచర్ల శిక్షణకు వెళ్ళాను, ఆ ఊళ్ళో నాకెవరూ తెలియదు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని ఆమే పలకరించింది. నడివయసు మనిషి. ఒళ్ళో పెద్ద సంచీ, సంచీ నిండా ఆకుపచ్చ గాజులు.

“ఇంట్లో పెళ్ళా అండీ?” అని అడిగాను.

“పెండ్లి కాదక్కా. మా గార్మెంట్స్‌లో ముప్పై మందిని పనిలోంచి తీసేస్తా ఉండారు. అమెరికావాళ్ళు మన బట్టల మీద సుంకం పెంచినారంట, ఆర్డర్లు నిలిచిపోయినాయి. నేను సూపర్‌వైజర్ని. ఈ పొద్దు వాళ్ళకి నేనే చెప్పల్ల.”

“మరి గాజులెందుకు?”

“ఏడేండ్లు నా కింద కుట్టినోళ్ళు. ఆడపిల్లల్ని ఉత్త చేతుల్తో ఎట్ల పంపేది? నిన్న బళేపేటకి పోయి తెచ్చినా.”

మా వైపు గాజులు పేరంటానికో సీమంతానికో ఇస్తారు. పని పోయినవాళ్ళకు ఇవ్వడం నేనెక్కడా వినలేదు. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుంటున్నాయట, సుంకం తగ్గుతుందేమో అన్నాను.

“తగ్గనీ అక్కా. అంతవరకు వీళ్ళు ఇంటి బాడిగ ఎట్ల కట్టేది?”

“వాళ్ళకు ముందే తెలుసా?”

ఆమె కిటికీ వైపు తిరిగింది. “లేదు. మొదట గాజులు తొడిగి, ఆపైన చెప్తా.”

తన స్టాపులో దిగింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరమ్మాయిలు పరుగున ఎదురొచ్చి, నవ్వుతూ ఆమె చేతిలోని సంచీ అందుకున్నారు.