లారీ కింద దొరికిన నీళ్లు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురముంటూ సొంత లారీ నడుపుకునేవాణ్ణి. పొద్దున రేడియేటర్‌లో పోసిన నీళ్లు సాయంత్రానికల్లా మాయమయ్యేవి. నేల మీద మాత్రం చుక్క తడి కనిపించేది కాదు. ముగ్గురు మెకానిక్‌లు చూసి చేతులెత్తేశారు.

ఒకరోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకోలో చిక్కుకున్నాను. ఇంజన్ బాగా వేడెక్కింది. ఇదే అదననుకుని టార్చి పట్టుకుని లారీ కిందికి దూరాను. చీలిన రబ్బరు పైపులోంచి చుక్కలు కాలే సైలెన్సర్ మీద పడి, నేలకు చేరకుండానే ఆవిరైపోతున్నాయి! పట్టలేని సంతోషంతో, "మన నీళ్లు ఎటు పోతున్నాయో తెలిసిపోయింది!" అని అరిచాను.

బయట "జై తెలంగాణ!" అని హోరెత్తింది.

"అన్న లారీ కిందనే పండిండు సూడున్రి! పోరాటమంటే గిది!" అంటూ నలుగురు నన్ను బయటికి లాగి, మెడలో కండువా వేసి, మైకు చేతికిచ్చారు.

"చెప్పన్నా, మన నీళ్లు ఎటు పోతున్నయ్?" అన్నాడొక పెద్దాయన.

నోరు విప్పితే నా యాస బయటపడుతుంది. అబద్ధమూ తోచలేదు.

"సైలెన్సర్ మీదికండీ," అన్నాను.

నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో పెద్దాయన పడీపడీ నవ్వాడు, ఆయన వెనకే జనమంతా నవ్వారు. "జర జరుగున్రి, గీయన పరేషాన్ వేరే ఉన్నది," అని తనే లారీ కిందికి దూరి, ట్యూబు ముక్కతో పైపుకు కట్టు కట్టాడు.

మైకులో నేను మాట్లాడింది జీవితంలో అదొక్కసారే. అంత కోపంలో ఉన్న జనం కూడా నా యాస విని నవ్వి, దారిచ్చి పంపారు. అదే నేను మరచిపోలేనిది.