పక్కనే ఉంటానన్న మాట ఎవరిది

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. మొదట్లో బరువనిపించలేదు. పేరొచ్చింది, పుస్తకాలొచ్చాయి, సభల్లో శాలువాలు కప్పారు. ఆ సందడిలో అది ఎక్కడో అడుగున పడి ఉండేది. ఈ మధ్య మాత్రం పెన్ను పట్టుకుంటే ముందు అదే గుర్తొస్తోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను ప్రేమ నవలలు రాస్తాను. అన్నీ కాకతీయుల కాలం నాటి కథలే. ఎక్కడికి వెళ్లినా అడిగే ప్రశ్న ఒకటే, ఆ కాలం మీదికి మీ మనసెలా పోయిందండీ అని. నా జవాబూ ఒకటే. చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని ఓరుగల్లు కోటకు వెళ్లాననీ, విరిగిన రాతి స్తంభాల మధ్య నిలబడితే ఎవరో ఆడమనిషి నవ్వు వినిపించినట్టయిందనీ చెప్తాను. వినేవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. నాన్న నన్ను ఏ కోటకూ తీసుకెళ్లలేదు. ఓరుగల్లు నేను చూసిందే మూడో నవల అచ్చయ్యాక.

అసలు సంగతి తిరుమలగిరిలో, అప్పటి మా ఇంట్లో మొదలైంది.

ఆ ఇంట్లో అమ్మ, సులోచన వదిన, నేను ఉండేవాళ్లం. మా అన్న జబ్బు చేసి చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. వదిన పుట్టింటికి వెళ్లిపోలేదు. దగ్గర్లోని బడిలో టీచరుగా చేస్తూ మమ్మల్ని చూసుకునేది. నేను వారపత్రికలకు ప్రేమకథలు పంపేదాన్ని. తిరిగొచ్చేవే ఎక్కువ. మీ పాత్రలు ప్రేమించుకోవడం లేదు, ప్రేమ మీద ఉపన్యాసాలిస్తున్నాయి అని ఒక ఎడిటర్ రాశాడు. నిజమే. నన్నెవరూ ప్రేమించలేదు. నాకు తెలిసిందల్లా ఊహే.

వెంకటేశం వదిన బడి పిల్లలకు యూనిఫాంలు కుట్టే టైలరు. బజారులో మిలటరీ వాళ్ల బట్టలు కుట్టే దుకాణం అతనిది. పెళ్లి కాలేదు. యూనిఫాంల పని మీద అప్పుడప్పుడు ఇంటికొచ్చేవాడు. ఒక మధ్యాహ్నం అమ్మ పక్కింటికి వెళ్లింది. నేను లోపలి గదిలో నిద్రపోతున్నానని వదిన అనుకుంది. నేను మెలకువగానే ఉన్నాను.

"రంగు చీర కట్టుకొని బజార్ల నడిస్తే జనం ఏమంటరో అని భయమైతది." అది వదిన గొంతు. అన్న పోయినప్పటి నుంచి ఆమె వెలిసిన చీరలే కట్టేది.

తర్వాత అతనన్నాడు. "ఎవరన్న ఏమన్న అంటే నేను పక్కనుంట టీచరమ్మా. ఎవరేం అనకపోయినా సుత పక్కనే ఉంట."

నేను దగ్గి ఉండాల్సింది. లేచి చప్పుడు చేయాల్సింది. తలుపు దగ్గరికి జరిగి చెవి ఆనించాను. ఆ తర్వాత అతనొచ్చిన ప్రతిసారీ నాకు తలనొప్పి వచ్చేది. ప్రతిసారీ లోపలి గదిలోనే పడుకునేదాన్ని.

రాయకుండా ఉండలేకపోయానని నాకు నేను చెప్పుకున్నాను. ఉండగలిగేదాన్నే. కానీ అలాంటి మాట నా అంతట నేను పుట్టించలేనని నాకు తెలుసు, అది చేతికందాక వదలబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు రాస్తే బజారంతా గుర్తుపడుతుంది. అందుకని కథను ఏడెనిమిది వందల ఏళ్లు వెనక్కి తోశాను. టీచరు సామంతుడి వితంతువైంది. టైలరు గుర్రపు దళ నాయకుడయ్యాడు. బజారు కోటలో రాజవీధి అయింది. నగలకూ ఆయుధాలకూ పేర్లు కావాలి కదా, లైబ్రరీకి వెళ్లి చరిత్ర పుస్తకాలు తెచ్చుకున్నాను. నా చరిత్ర ప్రేమ అంతా అక్కడి నుంచే. దాచుకోవడానికి చోటు వెతుక్కుంటూ పోయి ఆ కాలంలో దూరాను.

ఒక్క అతని మాటను మాత్రం మార్చలేదు. యాస తీసేశానంతే. "ఎవరైనా ఏమైనా అంటే పక్కనుంటాను. అనకపోయినా పక్కనే ఉంటాను." ఆ మొదటి నవల సీరియల్‌గా వస్తున్నప్పుడే ఆ వాక్యానికి ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. ఆ తర్వాత పెళ్లి పత్రికల మీద కూడా అచ్చు వేయించుకున్నారు.

వదిన ప్రతి సంచికా చదివేది. ఆ భాగం వచ్చిన రోజు పత్రిక పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను బెండకాయలు కోస్తున్నాను.

"ఈ మాట నీకెవరు చెప్పిండ్రు?"

"ఏ మాట?"

ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

చాటుగా విన్నానని అప్పుడే చెప్పొచ్చు. తిట్టేది, ఏడ్చేది, నెల రోజులు నాతో మాట్లాడేది కాదు. అంతకంటే ఏమయ్యేది?

"బజార్ల విన్న వదినా. టైలర్ దుకాణం కాడ ఎవరో నవ్వుకుంట అనుకుంటున్నరు. మంచిగనిపించి రాసుకున్న."

"నవ్వుకుంటనా?"

"ఊఁ."

ఆమె పత్రిక మూసి గట్టు మీద పెట్టింది. "ఇటియ్యి, నేను కోస్త" అని నా చేతిలో కత్తి తీసుకుంది. తలెత్తకుండా బెండకాయలన్నీ కోసింది.

నవ్వుకుంట. ఆ మాట నన్నెవరడిగారు? విన్నానని చెప్పి ఊరుకోకుండా నవ్వును కూడా ఎందుకు కలిపాను? అబద్ధం నమ్మకంగా ఉండాలనా? లేక, నాతో ఎవరూ ఎప్పుడూ అలాంటి మాట అననందుకా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా రెండో జవాబు దగ్గరే ఆగిపోతున్నాను.

వారం తిరక్కుండా వెంకటేశం వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. లేనని చెప్పమంది వదిన. వెళ్లి చెప్పింది నేనే. ఆమె తబియత్ మంచిగుందా అని మాత్రం అడిగాడు. ఉందన్నాను. తలూపి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు దుకాణం మూసేశాడు. ఎక్కడికి పోయాడో వదిన అడగలేదు. నేనూ కనుక్కోలేదు.

అమ్మ పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. నేను ఏ.ఎస్. రావు నగర్‌కు వచ్చాను. వదిన కాప్రాలో ఒంటరిగా ఉంటోంది. నా సభలకు తప్పకుండా వస్తుంది. మొన్నొక సభలో కాలేజీ అమ్మాయి మళ్లీ అదే ప్రశ్న అడిగింది. నేను మళ్లీ నాన్న వేలు పట్టుకున్నాను. మొదటి వరసలో వదిన చప్పట్లు కొడుతోంది. పక్కావిడతో "మా ఆడబిడ్డ" అంటోంది. జవాబు అక్కడితో ఆపేశాను. మంచినీళ్లు తాగి కూర్చున్నాను.

మొదటి నవల మళ్లీ అచ్చు వేస్తున్నారు. ప్రేరణ గురించి ముందుమాట కావాలన్నారు. అదే ఇది. కానీ వదిన దీన్ని పుస్తకంలో చదివి తెలుసుకోకూడదు. అందుకే పోయిన ఆదివారం పొద్దున కాప్రా వెళ్లాను. వదిన బాల్కనీలో బట్టలు మడతపెడుతోంది. కూర్చోమంది. నిలబడే అంతా చెప్పాను.

మడతపెట్టడం ఆపింది.

"అంటే, అతను ఎవ్వరికీ చెప్పలే."

"చెప్పలేదు వదినా."

"నేనన్న అతన్ని ఒక్కసారి అడగకపోతిని."

అది నాతో అన్నది కాదు. తర్వాత నా వైపు చూసింది. "అతను చెప్పలేదని రాయి. నా పేరు ఏం రాసుకుంటవో రాసుకో. అతని పేరు మాత్రం సక్కగ రాయి. ఇగ పో."

క్షమించమని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. అప్పటి నుంచి ఆమె ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తకపోవచ్చు కూడా.

ఆమె అడిగింది రాస్తున్నాను. వెంకటేశం ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఏ దుకాణం దగ్గరా ఎవరూ నవ్వుకోలేదు. తలుపు చాటున విన్నది నేను. అబద్ధమాడింది నేను. ఈ నవలలో మీకు నచ్చిన వాక్యం అతనిది. పబ్లిషర్ ఇది వద్దంటే పుస్తకమే వద్దంటాను.

రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టింది. అయినా ఊపిరి ఆడుతోంది. ఇన్నేళ్లలో నేను ఏదీ కల్పించకుండా రాసిన పేజీలు ఇవే.