బావ బేస్ గిటారు

మన వయసు వాళ్లకు కళ్లూ మోకాళ్లూ అయ్యాక చెవుల వంతు వస్తుంది కదా, నాకూ వచ్చింది. పోయిన నెల నాగర్‌కర్నూలులో చెవుల దవాఖానకు వెళితే, ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. సన్నని కూతలేవీ నాకు అందలేదు గాని, చివర్లో లోతుగా, ఏ హంగూ లేని ఒక బరువైన శబ్దం ఒంటరిగా వచ్చింది. దానికి వేలెత్తబోయి ఎత్తలేక అట్లాగే ఉండిపోయాను. పరీక్ష చేసే అమ్మాయి తలుపు తెరిచి, "వినవడుతున్నదా లేదా తాతా?" అని విసుక్కుంది. ఈ మాట నన్ను ఇంతకు ముందు ఇంకొకరు అడిగారు, అప్పుడు నేను చెప్పిన జవాబు సంగతే మీతో చెప్పుకోవాలి.

వనపర్తిలో మా మేనమామకు పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రా ఉండేది. మామ పాడేవాడు, నేను పందిరి చివర మిక్సర్ ముందు కూర్చుని, ఎవరి శబ్దం ఎంత ఉండాలో చూసి మీటలు జరిపేవాణ్ణి. మా అక్క మొగుడు, అంటే మా బావ, బొంబాయిలో కట్టడాల పనికి పోయినప్పుడు అక్కడి చర్చిలో నేర్చుకుని, పాతదొక బేస్ గిటారు కొనుక్కొచ్చుకున్నాడు. దానికి నాలుగే తీగలు, అన్నిటికన్నా లావుది సైకిలు బ్రేకు వైరంత ఉండేది, పలికేదంతా లోతైన బరువు శబ్దమే. మళ్లీ బొంబాయి మట్టి పనికి పోకుండా పెళ్లాంపిల్లలతో ఇక్కడే బతకాలని ఆయన ఆశ, ఆ ఆశంతా ఆ గిటారు మీదే పెట్టుకున్నాడు. మామకు మాత్రం అది కిట్టేది కాదు. తన గొంతుకు అడ్డొస్తుందనీ, కింది స్వరాలకు కీబోర్డు వాడి ఎడమచేయి ఉండగా అదెందుకనీ సణిగేవాడు.

ఒకసారి పెళ్లిళ్ల కాలం మొదట్లో మామ నన్ను పక్కకు పిలిచి, బావ మీట పూర్తిగా కిందికి లాగెయ్యమనీ, ఆయనకు చెప్పొద్దనీ అన్నాడు. తమాషా అన్నాడు. నేనూ లాగేశాను, నవ్వుకుంటూనే లాగేశాను, మీతో అబద్ధమెందుకు. స్పీకరు పెట్టెలన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి గనుక, ఆ హోరులో తన శబ్దం బయటికి పోతున్నదో లేదో వేదిక మీది వాడికి తెలియదు. గద్వాలలో, కొల్లాపూర్‌లో, పెళ్లి తర్వాత పెళ్లి, బావ నా మిక్సర్ వైపు చూస్తూ ఒళ్లు మరిచి వాయిస్తూనే ఉన్నాడు, వెనుక నుంచి డ్రమ్ముల వాడు పళ్లికిలిస్తూనే ఉన్నాడు.

అయితే మీట కిందికి ఉన్నా, పక్కనున్న బొత్తాం నొక్కితే ఆ ఒక్క వాద్యం నా హెడ్‌ఫోన్లలోకి వచ్చేది. ఊసుపోక నొక్కాను. ఎకో లేదు, మెరుగులు లేవు, మామ గొంతు అసలే లేదు. తీగ, వేలు, రెండింటి రాపిడి, అంతే. పాట ఎక్కడ కూర్చోబోతుందో ముందే గ్రహించి, అక్కడ పీట వేసి ఉంచేవాడు ఆ మనిషి. ఆ కాలమంతా నేను ఆయన్ని తప్ప ఇంకెవరినీ వినలేదు. బాగుందని ఒక్కనాడూ అనలేదు. అంటే మీట సంగతి బయటపడుతుందని కొంత, అంత మంచిది నా ఒక్కడికే దొరుకుతున్నదన్న పాడు సంతోషం కొంత.

ఆఖరి పెళ్లి బీచుపల్లిలో. మధ్యాహ్నం విస్తళ్ల ముందు అందరం కూర్చున్నాక మామ గుట్టు విప్పాడు. "గిన్ని పెండ్లిళ్లు నీది బంద్ వెట్టినం, ఒక్కడన్న అడిగిండా? ఇగ నువ్వెందుకు మాకు?" అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు, వడ్డించేవాళ్లు కూడా. బావ చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేసి, నా వైపు తిరిగి, "నీకన్న వినవడ్డదా?" అన్నాడు. మామ నన్నే చూస్తున్నాడు. అవునంటే మిక్సర్ ముందు కుర్చీ నాది కాకుండా పోతుంది. వినవడలేదని చెప్పి, పప్పు వడ్డించమన్నాను.

ఆ వారమే బావ అక్కనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని బొంబాయి బస్సెక్కాడు. అక్కడ ఇనుప చువ్వల కింద పడి తీగలు నొక్కే ఎడమచేతి రెండు వేళ్లు నలిగిపోయాయని ఎవరో చెబితే విన్నాను. నేను ఆ కుర్చీలో ఇంకో పదేళ్లు కూర్చున్నాను.

చెవుల పరీక్ష అయిన రోజే కొల్లాపూర్ బస్సెక్కాను. అక్క పోయాక బావ అక్కడికొచ్చి మేకలు పెట్టుకున్నాడు. దొడ్డి తడికను గుంజకు కట్టింది ఆ గిటారు లావు తీగతోనే. కూర్చోకుండానే చెప్పేశాను, ఆ రోజు అబద్ధమాడాననీ, నాకు ప్రతి పెళ్లిలోనూ వినపడిందనీ, అంత బాగా వాయించినవాణ్ణి మళ్లీ వినలేదనీ. ఆయన తడిక విప్పుతూనే, "తెల్సు. చెవులకు అవి వెట్టుకోని నువ్వు తల ఊపుతుంటే నేను సూడలేదా? నిన్ను సూస్కుంటనే వాయిస్తుంటి," అన్నాడు. చాయ్ తాగుతావా అని కూడా అడగకుండా మేకల్ని తోలుకుని పోయాడు.

తిరిగొస్తుంటే దారిలో ఒక పెళ్లి బారాత్ ఎదురైంది. డీజే పెట్టెల దెబ్బకు బస్సు అద్దాలూ నా పక్కటెముకలూ కలిసి అదిరాయి, వాయించే మనిషంటూ ఎవరూ లేకుండానే ఆ లోతైన శబ్దం ఇప్పుడు ఊరందరికీ వినపడుతోంది. మన కాలంలో అది ఒక్కడికి వినపడింది. వాడు లేదన్నాడు.