హద్దురాళ్ల మధ్య నీళ్లు

తడి సున్నం వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న బాటసింగారం దగ్గర ఒక ప్లాట్ల వెంచర్‌లో హద్దురాళ్లకు సున్నం పూస్తున్నారు. వెళ్లి ఆ డబ్బా తన్నేయాలనిపించింది. ఆ వాసన వెంటే సారు గుర్తొచ్చారు.

ఎనభైలలో దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేడగదిలో కిరాయికి ఉండేవారాయన. కోస్తా నుంచి వచ్చి కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవారు. నేను డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చునేదాన్ని. ఏం చెప్పినా ఒకటే అడిగేవారు: "చూశావా, విన్నావా, అనుకుంటున్నావా?" పక్కింటావిడ గయ్యాళి అన్నానొకసారి. ఆమె అరవడం ఎన్నిసార్లు చూశావన్నారు. ఒక్కసారే అన్నాను. "అయితే ఒకసారి అరిచింది అను" అన్నారు. మాటను కంటికంటే ముందు పరిగెత్తించేవాడికి సుఖం ఉండదట. చిరాకేసేది గానీ, నా నోటికి అదుపు నేర్పింది ఆయనే.

మన్సూరాబాద్‌లో మా పొలాల పక్కన కుంట శిఖం ఉండేది, వానాకాలం నీళ్లు నిలిచే నేల. ఎండాకాలం రాగానే మా చిన్నాయన ప్లాట్లుగా అమ్మడానికి అక్కడ రాళ్లు పాతించి సున్నం పూయించాడు. ఆ రోజుల్లో అంతే, నాలుగు తెల్లరాళ్లు కనిపిస్తే జనం దాన్ని కాలనీ అనేవాళ్లు. పటం మీద పార్కు అని రాస్తే చాలు, తమ పిల్లలు అందులో ఆడుకుంటున్నట్టే మురిసిపోయేవాళ్లు. సారు కూడా ఎండిన నేలను చూసి ముచ్చటపడ్డారు. కొనేముందు నన్ను పిలిచారు.

"అక్కడ నీళ్లు నిలవడం ఎప్పుడైనా చూశావామ్మా?"

చిన్నప్పుడు ఆ కుంటలో దిగి చేపలు పట్టినదాన్ని నేను. కానీ ముందురోజే చిన్నాయన చెప్పి ఉంచాడు. "గాయనకు ఏం చెప్పకు బిడ్డా, మన ఇంటి ఇజ్జత్ పోతది." చూడలేదన్నాను. సారు ఇంకో ప్రశ్న వేయలేదు.

ఇల్లు కట్టుకున్న మొదటి వానాకాలమే ఆయన పుస్తకాలు నీళ్లలో తేలాయి. తిట్టించుకుందామనే వెళ్లాను. ఆయన తడిసిన కాగితాలు విడదీస్తూ, "నువ్వు చూడలేదన్నావు కదమ్మా, నీ తప్పేముంది" అన్నారు. నిజం తెలిసే అన్నారో లేదో ఈనాటికీ తెలియదు. చిన్నాయన మీద కోపం అతను చనిపోవడంతోనే పోయింది. సారు మీద పోలేదు. లోకాన్నంతా నిలదీసిన మనిషి నన్నొక్కదాన్నే ఎందుకు నమ్మాలి? నా మీద కోపం సంగతి చెప్పనే అక్కర్లేదు.

మొన్న ఆ వెంచర్‌లో ఒక జంట పటం మీద వేలు పెట్టి ఇల్లు చూసుకుంటున్నారు. బ్రోకరు ఎదుటే వాళ్లకు చెప్పాను. "ఒక్క వానాకాలం ఆగుండ్రి. మీ కండ్లతోని చూసినంకనే కొనుండ్రి." బ్రోకరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

బస్సెక్కాక, ఎవరు వింటున్నారో కూడా చూసుకోకుండా పైకే అనేశాను.

"చూసిన సార్. మోకాళ్ల దాంక ఉంటుండె."