జాన్సన్ తరఫున

వెండెల్ కీర్న్స్ కొరియా యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడు. ఆ యుద్ధాన్ని ఆపించిన ఐసెన్‌హోవర్‌ని మించిన అధ్యక్షుడు అమెరికాకి దొరకలేదని అనడానికి అతనికి ఆ ఒక్క కారణం చాలు. రూజ్‌వెల్ట్ నుంచి మొన్నటి రీగన్ దాకా ఎవరి పేరెత్తినా ఈగని తోలినట్టు చేత్తో తోసేసేవాడు. "యుద్ధం మొదలుపెట్టడం ఎవడికైనా చేతనవుతుంది. ఆపినవాణ్ణి చూపించండి" అనేవాడు.

ఈ వాదన జరిగేది మా హోటల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర. మాది ఒహాయో నది ఒడ్డున పింగాణీ సామాన్లు చేసే ఊరు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మగవాళ్లకి పొద్దున్నే వెళ్లడానికి ఒక చోటు కావలసి వచ్చి, అందరూ మా దగ్గర చేరారు. కాఫీలు పోస్తూ, గుడ్లు వేయిస్తూ ఆ వాదన నేను ఏళ్ల తరబడి విన్నాను.

వెండెల్‌కి ఎదురుగా కూర్చునేవాడు ఓరిన్ స్టాఫర్. వెండెల్ అక్క ఆర్డిత్‌కి భర్త. ఫ్యాక్టరీ హోరులో ఎడమ చెవి పోయింది కనుక, తల పక్కకి తిప్పి కుడి చెవి ఒగ్గి వినేవాడు. ఓరిన్‌ది అరవైల్లో అధ్యక్షుడిగా ఉన్న జాన్సన్ పక్షం.

"ముసలాళ్లకి ఆసుపత్రిలో వైద్యం ఎవడిప్పించాడ్రా? దక్షిణాదిలో నల్లవాళ్ల చేత ఓటు ఎవడేయించాడు? మీవాడేం చేశాడు, నాలుగు రోడ్లేసి గోల్ఫ్ ఆడుకున్నాడు."

"ఆ రోడ్డెక్కేగా బావా, నువ్వు చేపలవేటకి పోయేది?"

"పోతా. వేసినవాడికి దణ్ణం పెట్టాలని రాసుందా?"

ఇలా సాగేది. ఒక్క సంగతి మాత్రం మేమెవరం ఎత్తేవాళ్లం కాదు. ఓరిన్ ఒక్కగానొక్క కొడుకు డేల్ అరవై ఎనిమిదిలో వియత్నాంలో చనిపోయాడు. అక్కడికి పంపింది జాన్సనే. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి ఆ మనిషినే నెత్తిన పెట్టుకుంటుంటే మాకెవరికీ అర్థమయ్యేది కాదు. అడిగే ధైర్యం కూడా లేదు.

ఒక ఏడు ఫిబ్రవరిలో, పాత అధ్యక్షుల్ని తలుచుకునే సెలవునాడు, బయట మంచు కురుస్తోంది. నేను చెర్రీ పళ్లు కూరి కాల్చే తీపి వంటకం, చెర్రీ పై చేశాను. దాణా కొట్టు బర్ల్ బల్ల మీద చరిచి, "ఎన్నేళ్లు నానుస్తారయ్యా? ఇవాళ తేలిపోవాలి" అని ఎగదోశాడు. ఓరిన్ మంచి ఊపు మీదున్నాడు.

"మా బామ్మర్ది కొరియాలో కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తుంటే, యుద్ధానికే విసుగొచ్చి ఆగిపోయిందంట. ఆ ఘనత తీసుకెళ్లి ఐసెన్‌హోవర్ ఖాతాలో వేశాడు!"

హోటలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. వెండెల్ మొహం కందగడ్డలా అయింది.

"మా ఐసెన్‌హోవర్ నన్ను నా కాళ్ల మీద ఇంటికి పంపాడు" అన్నాడు. "మీ జాన్సన్ డేల్‌ని పెట్టెలో పంపాడు."

పెనం మీద మాంసం చిటపటలాడుతోంది. ఓరిన్ తల అలాగే పక్కకి తిప్పి ఉంది. మాట వినపడలేదేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. అతను మూతి తుడుచుకుని లేచాడు. "చెర్రీ పై బాగుంది లోర్నా" అని నాతో చెప్పి, టోపీ పెట్టుకుని మంచులోకి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. వెండెల్ రెండు మూడుసార్లు ఆ ఇంటి దాకా వెళ్లాడట. ట్రక్కులోంచి దిగకుండానే తిరిగొచ్చాడు. మంచు కరగకముందే ఓరిన్ గుండె ఆగి పోయాడు.

అంత్యక్రియలయ్యాక వెండెల్ వచ్చి తన చోట తను కూర్చున్నాడు. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, బర్ల్ అన్నాడు: "ఇక జాన్సన్‌కి దిక్కులేదు. ఐసెన్‌హోవర్ గెలిచినట్టే."

వెండెల్ తల పక్కకి తిరిగింది. కుడి చెవి ఒగ్గాడు.

"ముసలాళ్లకి ఆసుపత్రిలో వైద్యం ఎవడిప్పించాడ్రా?" అన్నాడు.

అదే విరుపు, అదే గొంతు. బర్ల్ నవ్వబోయి మానేశాడు.

ఆనాటి నుంచి వెండెల్ జాన్సన్ తరఫునే మాట్లాడాడు. ఐసెన్‌హోవర్ పేరు మళ్లీ ఎత్తలేదు. ఎదుటి ఖాళీ కుర్చీకేసి చూస్తూ, మధ్యలో ఆగి ఏదో విని, మళ్లీ అందుకునేవాడు. తలుపు గంట మోగితే ఉలిక్కిపడేవాడు. చెంపలు లోపలికి పోయాయి. రెండు చెవులూ నిక్షేపంగా ఉన్న మనిషి, ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకడం మానేశాడు.

"ఎందుకయ్యా ఇలా చంపుకుతింటావు నిన్ను నువ్వే?" అని ఒకరోజు అడిగాను.

"నేను అనుకుని అంటున్నానా లోర్నా? నోరు తెరిస్తే ఆయన మాటే వస్తోంది."

వేసవి మొదట్లో ఆర్డిత్ మా హోటల్‌కి వచ్చింది. అంతకుముందు ఎన్నడూ వచ్చింది కాదు. తిన్నగా వెళ్లి తమ్ముడికి ఎదురుగా, భర్త కుర్చీలో కూర్చుంది.

"ఊళ్లో అనుకుంటున్నారు, నువ్వు ఓరిన్ మాటలు మాట్లాడుతున్నావని."

వెండెల్ తల వంచుకున్నాడు. "మానేస్తానక్కా."

"నీకో సంగతి చెప్పాలి. ఇంట్లో టీవీలో జాన్సన్ మొహం కనపడితే ఆయన గదిలో ఉండేవాడు కాదు. లేచి పెరట్లోకి పోయేవాడు. మంచు పడుతున్నా సరే, ఆ మొహం పోయేదాకా లోపలికొచ్చేవాడు కాదు."

"మరి ఇక్కడ..."

"ఆ మనిషి గొప్పవాడు కాకపోతే, మా డేల్ ఎందుకు పోయినట్టు వెండెల్? ఎక్కడో ఒకచోట ఆ మాట గట్టిగా అనాలిగా ఆయన. ఇంట్లో అనలేకపోయాడు. ఇక్కడ అనేవాడు."

"ఆ రోజు ఇంటికొచ్చి ఏమన్నాడక్కా?" అన్నాడు వెండెల్.

ఆమె దాచలేదు. "'వెండెల్ నిజమే అన్నాడు' అన్నాడు. బూట్లు కూడా విప్పకుండా మంచం మీద పడుకున్నాడు."

వెండెల్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. ఆర్డిత్ ఆ చేతుల మీద చెయ్యి వెయ్యలేదు. ఓదార్చనూ లేదు. లేచి నిలబడి, "మానకు" అంది. "నువ్వు నమ్మకపోయినా ఫరవాలేదు. ఆయనా నమ్మలేదు."

వెండెల్ మానలేదు. బతికినంతకాలం ఆ బల్ల దగ్గర జాన్సన్ పక్షాన వాదించాడు. కొత్తగా వచ్చినవాళ్లు అతన్ని మొదటి నుంచీ జాన్సన్ వీరాభిమాని అనుకునేవాళ్లు. మేమెవరం కాదనలేదు. చివరి రోజుల్లో అక్క ఇంట్లోనే ఉన్నాడు, ఆమే చూసుకుంది. ఓరిన్ పక్కనే పూడ్చారు.

మొన్న దారిన పోయే లారీ డ్రైవరొకడు కాఫీ తాగుతూ సరదాగా అడిగాడు, ఇప్పటిదాకా వచ్చిన అధ్యక్షులందర్లో ఎవరు గొప్పవాడంటారని. బర్ల్ నా వంక చూశాడు. తర్వాత అతనితో, "నది నీళ్లు పెరుగుతున్నాయంట, ఏ దారిన వచ్చావు?" అని అడిగాడు.